బిల్డింగు న్యూయార్క్‌లో, లెక్కలు గుంటూరులో: హీటింగ్ ఆయిల్ సరఫరా, నగర నిబంధనలపై సలహా కావాలి

బ్రాడీపేట గుమాస్తా (గుంటూరు)

అందరికీ నమస్కారం. మా అక్క, బావగారు మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో 1928లో కట్టిన ఐదంతస్తుల అద్దె బిల్డింగు ఒకటి కొన్నారు. అందులో 36 ఫ్లాట్లు ఉన్నాయి, మొత్తం విస్తీర్ణం దాదాపు 30,000 చదరపు అడుగులు. ఇద్దరూ ఉద్యోగస్తులు కావడంతో బిల్లులు, రశీదులు, నగరపాలక సంస్థకు దాఖలు చేయవలసిన కాగితాలు చూసే పని నాకు అప్పగించారు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో చాలా ఏళ్లుగా లెక్కలు రాస్తున్నవాడిని. సరుకు చల్లగా ఉండడానికి కరెంటు ఎంత కాలిందో చూసుకున్న మనిషిని ఇప్పుడు మనుషులు వెచ్చగా ఉండడానికి నూనె ఎంత కాలిందో చూడమంటున్నారు.

బేస్‌మెంట్‌లో 3,000 గాలన్ల ట్యాంకు, ఒక స్టీమ్ బాయిలర్ ఉన్నాయి. కాలుస్తున్నది నంబర్ 4 రకం హీటింగ్ ఆయిల్. గదుల వేడికీ కుళాయిల్లో వేడినీళ్లకూ కలిపి ఏడాదికి సుమారు 18,000 గాలన్లు ఖర్చవుతున్నాయి. ఆ ఖర్చంతా అద్దెలోనే కలిసి ఉంటుంది గనుక విడిగా అద్దెదార్ల దగ్గర వసూలు చేసేది ఏమీ లేదు. సరఫరా పద్ధతి కూడా మామూలుదే. ట్యాంకు తగ్గినప్పుడు బిల్డింగు చూసుకునే మనిషి, అంటే అక్కడివాళ్లు సూపర్ అని పిలిచేవాడు, ఫోన్ చేస్తే లారీ వస్తుంది.

మొన్న జనవరిలో మూడో సోమవారం అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. దానికి ముందు శుక్రవారం గేజిలో ముల్లు పావు దగ్గర ఉందని సూపర్ ఫోన్ చేస్తే శనివారం పంపుతామన్నారు. లారీ మంగళవారం వచ్చింది. ఆదివారం రాత్రే బాయిలర్ ఆగిపోయింది. ఆగేసరికి గేజిలో ముల్లు ఇంకా ఎనిమిదో వంతు దగ్గర ఉందని సూపర్ తీసిన ఫొటోలో స్పష్టంగా కనిపిస్తున్నది. అద్దెదార్లు నగరం ఫిర్యాదుల ఫోన్ నంబరు 311కు ఫిర్యాదు చేశారు, ఇన్‌స్పెక్టర్ వచ్చి గదుల్లో వేడి కొలిచాడు, నోటీసు అంటించాడు. ఆ కంపెనీ మాత్రం డ్రైవర్లు దొరకలేదని ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

నాకు తెలియవలసినవి ఇవి. ఇలా మళ్లీ జరగకుండా సరఫరా ఒప్పందం ఎలా రాసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మన దగ్గర ఏ కాగితాలు ఉంటే పని జరుగుతుంది, నంబర్ 4 ఆయిల్‌ను త్వరలో నిషేధిస్తారని బావగారు విన్నది ఎంతవరకు నిజం, నిజమైతే గ్యాస్‌కు మారడం మేలా లేక మరో రకం ఆయిల్‌కు మారడం మేలా. ఈ రంగంలో పని చేసినవాళ్లు చెబితే మేలు చేసినవారవుతారు.

గన్నవరం నైట్‌షిఫ్ట్

గన్నవరంలో కూర్చుని న్యూయార్క్ బిల్డింగుల కాగితాలు చూసే ఉద్యోగమే నాది, కాబట్టి మీ ప్రశ్నల్లో కాగితాలకు సంబంధించినవాటికి వివరంగానే చెప్పగలను.

ముందు నిబంధన ఏమిటో సరిగ్గా చూడండి. అక్టోబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ హీటింగ్ సీజను. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తగ్గినప్పుడు, ప్రతి ఫ్లాటులోనూ కనీసం 68 డిగ్రీలు ఉండాలి. అంటే బయట మన లెక్కలో సుమారు 13 సెల్సియస్ కన్నా తగ్గితే లోపల 20 ఉండాలన్నమాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట ఎంత ఉన్నా సరే లోపల 62కు తగ్గకూడదు. 62 అంటే దాదాపు మన సంక్రాంతి తెల్లవారుజాము చలి. మనకు దుప్పటి చాలు గానీ అక్కడ చట్టానికి అదే అంచు. వేడినీళ్లకు సీజనుతో పని లేదు, ఏడాది పొడవునా కుళాయిలో కనీసం 120 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. చాలామంది యజమానులు వేసవిలో బాయిలర్ మరమ్మతు పెట్టుకుని ఈ చివరి సంగతి దగ్గరే దొరికిపోతారు.

ఫిర్యాదు అందాక హెచ్‌పీడీ అనే నగర గృహ శాఖ మొదట యజమానికో మేనేజింగ్ ఏజెంటుకో ఫోన్ చేస్తుంది. అది ఎవరూ ఎత్తకపోతేనో, పని జరగకపోతేనో ఇన్‌స్పెక్టర్ వస్తాడు. వేడి లేకపోవడాన్ని అత్యంత ప్రమాదకరమైన సీ తరగతి ఉల్లంఘనగా నమోదు చేస్తారు. జరిమానా రోజుల లెక్కన పడుతుంది, అదే బిల్డింగులో మళ్లీ జరిగితే రేటు పెరుగుతుంది. అప్పటికీ కదలిక లేకపోతే నగరమే తన మనుషుల చేత మరమ్మతు చేయించి ఆ బిల్లును ఆస్తి పన్ను ఖాతాలో వేస్తుంది. ఆ బిల్లు మామూలు మెకానిక్ బిల్లు కన్నా ఎంత ఎక్కువ ఉంటుందో ఒకసారి చూసినవాళ్లు మళ్లీ ఆ ఫోన్ ఎత్తకుండా ఉండరు.

ఇక్కడే మీకు సంబంధించిన ముఖ్య విషయం ఉంది. మూడు, అంతకు మించిన ఫ్లాట్లున్న ప్రతి బిల్డింగునూ ఏటా సెప్టెంబరు 1 లోపు హెచ్‌పీడీ దగ్గర రిజిస్టరు చేయాలి. అందులో పేరు రాసే మేనేజింగ్ ఏజెంటు ఆ నగరంలో నివసించేవాడో, అక్కడి ఆఫీసుకు రోజూ వచ్చేవాడో అయి ఉండాలి. గుంటూరు నుంచి మీరు ఎంత బాగా చూసుకున్నా ఆ గడిలో మీ పేరు చెల్లదు. మీ బావగారి పేరు, ఆయన ఎప్పుడూ ఎత్తే నంబరు ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. పాత యజమాని నంబరే ఇంకా అందులో ఉండిపోయిన బిల్డింగులు నేను చాలా చూశాను.

అయితే మీరు అక్కడ లేకపోవడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. చలికాలంలో అక్కడ రాత్రి 10 అయ్యేసరికి మనకు ఉదయం 8.30, అక్కడ ఉదయం 6 అయ్యేసరికి మనకు సాయంత్రం 4.30. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చే రాత్రి వేళ సరిగ్గా మీ ఆఫీసు వేళ. నాలుగైదు ఫ్లాట్లలో ఇంటర్నెట్‌కు కలిసే ఉష్ణోగ్రత సెన్సార్లు పెట్టిస్తే, 62కు దగ్గరపడుతున్న ఫ్లాటు మీ కంప్యూటర్ మీద ముందుగా కనిపిస్తుంది, అద్దెదారు లేచి 311కు ఫోన్ చేసేలోపే మీరు సూపర్‌ను లేపవచ్చు. ఫిర్యాదులు మరీ ఎక్కువైన 50 బిల్డింగులను నగరం రెండేళ్లకోసారి ఎంపిక చేసి, 2020 చట్టం కింద, ఫ్లాటు ఫ్లాటుకూ సెన్సార్లు పెట్టమని ఆదేశిస్తుంది. ఆ జాబితాలోకి ఎక్కేదాకా ఆగవలసిన పని లేదు కదా.

కాగితాల మాటకొస్తే, ప్రతి డెలివరీకీ లారీ మీటరు ముద్రించే టికెట్టు మీకు అన్నిటికన్నా విలువైనది. మొదటి రీడింగు, చివరి రీడింగు, తేదీ, వేళ, ఆయిల్ రకం దాని మీద యంత్రమే ముద్రించి ఉండాలి. చేత్తో రాసిన టికెట్టును ఒప్పుకోకండి. లారీ రాకముందూ వెళ్లాకా గేజి ఫొటో సూపర్ తీసి పంపాలి. 2015లో మాన్‌హాటన్ జిల్లా అటార్నీ కార్యాలయం హీటింగ్ ఆయిల్ కొలతల్లో మోసాల మీద పెద్ద కేసు పెట్టింది, అందులో బయటపడిన కిటుకు మీటరులో గాలి తిప్పి గాలన్లు ఎక్కువ చూపించడం. టికెట్టులో 2,000 గాలన్లు ఉండి గేజిలో 1,700 గాలన్లకు సరిపడా మాత్రమే ముల్లు లేస్తే అప్పటికప్పుడు అడగాలి, నెలాఖరున అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

ట్యాంకు మొత్తం సామర్థ్యం 1,100 గాలన్లు మించితే రాష్ట్ర పర్యావరణ శాఖలో పెట్రోలియం నిల్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఐదేళ్లకోసారి కొత్తది చేయించాలి. మీది 3,000 కాబట్టి తప్పదు. బిల్డింగు చేతులు మారినప్పుడు ఆ రిజిస్ట్రేషన్ కూడా కొత్త యజమానుల పేర మారిందో లేదో చూడండి. నూనె ఒలికితే, ఒలికినట్టు తెలిసిన రెండు గంటల్లో ఆ శాఖ హాట్‌లైనుకు చెప్పాలి. బాయిలర్‌కు ఏటా తనిఖీ చేయించి, తనిఖీ జరిగిన 14 రోజుల్లో భవనాల శాఖకు ఆన్‌లైన్లో నివేదిక దాఖలు చేయాలి. అసలు దాఖలు చేయకపోతే ఒక్కో బాయిలర్‌కు 1,000 డాలర్ల జరిమానా.

నంబర్ 4 నిషేధం నిజమే. ఇంతకన్నా చిక్కనైన నంబర్ 6 ఆయిల్‌ను 2015 నాటికే నగరంలో ఆపేశారు. నంబర్ 4కు మొదట 2030 దాకా గడువిచ్చి, 2023లో చేసిన చట్టంతో దాన్ని తగ్గించారు. 2027 జూన్ 30 తర్వాత ఏ బిల్డింగులోనూ దాన్ని కాల్చకూడదు.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు

థర్మల్ స్టేషనులో బాయిలర్ల దగ్గర పని చేసి రిటైరైనవాణ్ణి. మా దగ్గర కాల్చేది బొగ్గు అయినా, చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వెలిగించడానికి ఆయిలే వాడతాం, కనుక చిక్కటి నూనె, పలచటి నూనె పెట్టే తిప్పలు రెండూ తెలుసు. మీ పోస్టులో నా కళ్లు ఒక్క చోట ఆగాయి. ముల్లు ఎనిమిదో వంతు దగ్గర ఉండగా బాయిలర్ ఆగిందన్నారు. అంటే ఇంకా మూడు నాలుగు వందల గాలన్లు ట్యాంకులో ఉన్నాయి. కాబట్టి ఆ రాత్రి జరిగింది కేవలం నూనె అయిపోవడం కాదు.

అమెరికాలో నంబర్ 6 అనేది మనం ఫర్నేస్ ఆయిల్ అని పిలిచే అవశేష ఇంధనానికి చాలా దగ్గరిది. నూరు డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాగబెడితే గానీ బర్నర్‌లో తుంపరగా మారదు. నంబర్ 2 అనేది దాదాపు డీజిలే. ఈ రెంటినీ కలిపిన మిశ్రమం నంబర్ 4. అటువంటి మిశ్రమాన్ని ఏళ్ల తరబడి ఒకే ట్యాంకులో పోస్తూ ఉంటే బరువైన భాగం, తేమ, తుప్పు కలిసి అడుగున మడ్డిగా పేరుకుంటాయి. 1928 నాటి బిల్డింగు అంటున్నారు కాబట్టి ఆ ట్యాంకు నంబర్ 6 రోజులు కూడా చూసి ఉంటుంది. ముల్లు కిందికి దిగేకొద్దీ పంపు ఆ మడ్డిని లాగుతుంది, స్ట్రైనర్ జాలీ మూసుకుపోతుంది, మంట ఆరిపోతుంది. పైన నూనె ఉన్నా లాభం ఉండదు. మంగళవారం లారీ వచ్చి కొత్త నూనె పోశాక బాయిలర్ ఎలా తిరిగి వెలిగింది, ఎవరైనా స్ట్రైనర్ విప్పి కడిగారా అని మీ సూపర్‌ను అడగండి. కడిగి ఉంటే నేను చెప్పింది నిజమని తేలిపోతుంది.

దీనికి మందు ట్యాంకు శుభ్రం చేయించడం, అది కూడా నంబర్ 2కు మారడానికి ముందే. కొందరు ఉన్న ట్యాంకులోనే నంబర్ 2 పోయించేసి మారిపోయామనుకుంటారు. పలచటి నూనె పాత మడ్డిని కరిగించి కదిలిస్తుంది, మొదటి చలికాలం అంతా స్ట్రైనర్లు కడుక్కుంటూ కూర్చోవాలి. ఇన్నాళ్లూ చిక్కదనం వల్ల కారకుండా ఉన్న పాత జాయింట్లు నంబర్ 2 పోయగానే చెమర్చడం మొదలుపెడతాయి. అందువల్ల ట్యాంకుతోపాటు బర్నర్ దాకా వెళ్లే పైపులన్నీ చూపించాలి. నూనెను వేడిచేసే హీటరు తీసేయాలి, నాజిల్ మార్చాలి, మంటలో గాలి పాళ్లు కొత్తగా సరిచేయాలి. నగరం లైసెన్సు ఇచ్చిన ఆయిల్ బర్నర్ పనివాడే ఈ పని చేయాలి, సూపర్‌తో చేయిస్తే భవనాల శాఖ ఒప్పుకోదు.

బాయిలర్ మాత్రం మార్చవలసిన పని ఉండకపోవచ్చు. నంబర్ 2లో గాలన్‌కు సుమారు ఐదు శాతం వేడి తక్కువ, కాబట్టి గాలన్లు కొంచెం పెరుగుతాయి. కానీ పొగగొట్టంలో, బాయిలర్ ట్యూబుల మీద మసి పేరుకోవడం బాగా తగ్గుతుంది గనుక చాలా చోట్ల ఆ ఐదు శాతం తిరిగి వస్తుంది. నంబర్ 2లో గంధకం 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) మించకూడదని రాష్ట్రంలో 2012 నుంచి నియమం ఉంది. నగరంలో నంబర్ 4కు ఉన్న పరిమితి 1,500 పీపీఎం. నూరు రెట్ల తేడా! ఆ చుట్టుపక్కల పిల్లలు పీల్చే గాలికి సంబంధించిన లెక్క ఇది, కనుక నిషేధం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బ్రాడీపేట గుమాస్తా (గుంటూరు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టే సూపర్‌కు ఫోన్ చేసి అడిగాను. మంగళవారం లారీ వచ్చాక కూడా బాయిలర్ వెలగలేదట, మెకానిక్ వచ్చి స్ట్రైనర్ విప్పి తారులాంటి నల్లటి ముద్ద గిన్నెడు తీశాడట. ఆ మెకానిక్ బిల్లు నా దగ్గర ఉంది గానీ దానిలో సర్వీసు అని తప్ప మరేమీ రాయలేదు.

గన్నవరం మిత్రులు చెప్పిన రిజిస్ట్రేషన్ కూడా చూశాను, ఫోన్ నంబరు బావగారిదే. ఇక మిగిలింది డబ్బు లెక్క. సరఫరా కంపెనీలు రెండు రకాల ధరలు చెబుతున్నాయి. మొత్తం సీజనుకు ఒకే ధర ఒకటి, న్యూయార్క్ హార్బర్ టోకు ధర మీద గాలన్‌కు ఇంత అని కలిపేది రెండోది. పైగా లోకల్ లా 97 అనే కార్బన్ చట్టం కింద కూడా జరిమానా ఉంటుందని భాగస్వాముల్లో ఒకాయన భయపెడుతున్నారు. గ్యాస్‌కు మారితే ఆ భయం పోతుందని ఆయన వాదన.

గవర్నర్‌పేట సీఏ

అమెరికా క్లయింట్ల లెక్కలు కొన్ని మా ఆఫీసులో చూస్తాం, అందువల్ల రాస్తున్నాను.

ధర సంగతి ముందు. సీజనంతా ఒకే ధర అన్నది బీమా లాంటిది, దాని ప్రీమియం ఆ ధరలోనే కలిసి ఉంటుంది. బిల్డింగు ఆదాయం మీద అప్పు వాయిదా గట్టిగా ఉంటే ఆ ప్రీమియం కట్టడంలో తప్పు లేదు. టోకు ధర మీద కలిపే పద్ధతిలో అయితే ఏ రోజు ధర, ఏ ప్రచురణలో అచ్చైన ధర అన్నది ఒప్పందంలో అక్షరాలా రాయించండి. ‘మార్కెట్ ధర’ అన్న మాట ఒక్కటే ఉంటే ఆ మార్కెట్ ఎక్కడుందో వాళ్లే నిర్ణయిస్తారు. ఏ పద్ధతి అయినా ఫోన్ చేస్తే పంపే ఏర్పాటు మానేసి ఆటోమేటిక్ డెలివరీకి మారండి. కంపెనీ రోజువారీ డిగ్రీ డేలు లెక్కగట్టి తనంతట తానే లారీ పంపుతుంది. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారన్‌హీట్ కన్నా ఎన్ని డిగ్రీలు తక్కువైతే ఆ రోజుకు అన్ని డిగ్రీ డేలు. మీ బిల్డింగు ఒక్కో డిగ్రీ డేకు ఎన్ని గాలన్లు కాలుస్తుందో పాత టికెట్ల నుంచి మీరే తీయవచ్చు. ఉదాహరణకు డిగ్రీ డేకు 2.7 గాలన్లు, వేడినీళ్లకు విడిగా రోజుకు 15 గాలన్లు అనుకుంటే, సగటున 20 డిగ్రీలున్న రోజున 45 డిగ్రీ డేలు, అంటే దాదాపు 135 గాలన్లు. పావు ట్యాంకు 750 గాలన్లు కదా, అడుగున ఉన్న మడ్డి మినహాయిస్తే అది మూడు రోజుల సరుకు. మూడు రోజుల సెలవుల ముందు పావు దాకా ఆగడం అంటే ఏమిటో ఈ లెక్క చెబుతుంది. నూనె అయిపోతే మెకానిక్ ఖర్చు, నగరం జరిమానా కంపెనీ భరించాలన్న నిబంధన ఒప్పందంలో ఉండాలి. దానికి ఒప్పుకోని కంపెనీ లారీని నమ్ముకోవడం కష్టం.

నివాస గృహాల హీటింగ్ ఆయిల్‌కు న్యూయార్క్ రాష్ట్ర అమ్మకం పన్ను లేదు. కానీ యజమాని నూనె నివాసానికే వాడుతున్నామని తెలిపే టీపీ-385 అనే ధ్రువపత్రం సరఫరాదారుకు ఇవ్వకపోతే వాళ్లు పన్ను వేసి బిల్లు పంపుతారు. పాత బిల్లుల్లో పన్ను గడి ఒకసారి చూడండి.

ఇక లోకల్ లా 97. ఇది 2019లో వచ్చింది, 25,000 చదరపు అడుగులు మించిన బిల్డింగులకు 2024 నుంచి ఏడాదికి ఇంత కర్బన ఉద్గారం అని పరిమితి పెట్టింది, మించిన ప్రతి టన్నుకూ 268 డాలర్ల జరిమానా. నివాస బిల్డింగుకు 2029 దాకా చదరపు అడుగుకు 0.00675 టన్నులు, అంటే మీ 30,000 అడుగులకు 202.5 టన్నులు. ఒక గాలన్ నంబర్ 2 కాలిస్తే సుమారు 10.2 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 18,000 గాలన్లకు దాదాపు 184 టన్నులు. అద్దెదార్ల వాడకంతో కలిపి కరెంటు 1,30,000 యూనిట్లు అనుకుంటే, యూనిట్‌కు 0.289 కిలోల చొప్పున మరో 37.6 టన్నులు. మొత్తం 221 పైన, పరిమితికి మించింది సుమారు 19 టన్నులు, జరిమానా ఏడాదికి దాదాపు 5,000 డాలర్లు. ఇది భయపడవలసిన అంకె కాదు. భయపడవలసింది 2030. అప్పటి నుంచి పరిమితి దాదాపు సగానికి పడిపోయి మీ బిల్డింగుకు 100 టన్నులే మిగులుతుంది. ఇదే వాడకం కొనసాగితే నూనె ఒక్కదాని మీదే జరిమానా 20,000 డాలర్లు దాటుతుంది.

మీ భాగస్వామి గారి వాదన ఇక్కడే తేలిపోతుంది. అంతే వేడికి గ్యాస్ వాడితే ఉద్గారం సుమారు 28 శాతం తగ్గుతుంది, అంటే 184 కాస్తా 132 టన్నులవుతుంది. ఇప్పటికి గట్టెక్కుతారు, 2030లో మళ్లీ మునుగుతారు. గ్యాస్ పైపు వేయించడానికి, పొగగొట్టంలో లైనర్ దించడానికి, కొత్త బర్నర్‌కు పెట్టే డబ్బు అంత తక్కువ కాలంలో తిరిగి రాదు.

గన్నవరం నైట్‌షిఫ్ట్

సీఏ గారి లెక్కలో తప్పు లేదు గానీ ఆ లెక్క ఈ బిల్డింగుకు వర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. 1974కు ముందు కట్టి, ఆరు ఫ్లాట్లు అంతకు మించి ఉన్న బిల్డింగులు న్యూయార్క్‌లో చాలావరకు అద్దె నియంత్రణ కిందికి వస్తాయి. నియంత్రణలో ఉన్న ఫ్లాట్లు 35 శాతం మించితే లోకల్ లా 97లో ఆ బిల్డింగుకు వేరే దారి, వేరే గడువులు ఉన్నాయి. ఏ దారిలో వెళ్లినా నివేదికను అక్కడి అర్హత ఉన్న నిపుణులు ధ్రువీకరించాలి, కాబట్టి ఫ్లాట్ల జాబితా పట్టుకుని ముందు వాళ్లను అడగండి. భాగస్వాముల సమావేశంలో 5,000, 20,000 అన్న అంకెలు ఇప్పుడే పెడితే అనవసరంగా గ్యాస్ కాంట్రాక్టరు చేతిలో పడతారు.

నంబర్ 4 నిషేధానికి మాత్రం ఇటువంటి మినహాయింపు ఆశించకండి. అద్దె నియంత్రణ ఉన్నా లేకపోయినా 2027 జూన్ 30 గడువు అదే.

ఆటోమేటిక్ డెలివరీ విషయంలో చిన్న అభ్యంతరం. అది మంచిదే, కానీ కంపెనీ లెక్క పాత వాడకం మీద నడుస్తుంది. నంబర్ 2కు మారాక గాలన్లు పెరుగుతాయని ఇంజనీరు గారు చెప్పారు కదా, మొదటి సీజనులో వాళ్ల అంచనా వెనకబడుతుంది. ఆ ఒక్క సీజనుకు ముల్లు సగానికి రాగానే సూపర్ ఫోన్ చేసే పద్ధతి కూడా కొనసాగించండి. ఇంకొకటి, నగరంలో అమ్మే హీటింగ్ ఆయిల్‌లో 2017 అక్టోబరు నుంచి 5 శాతం బయోడీజిల్ ఉండాలి, 2025 అక్టోబరు నుంచి అది 10 శాతం. టికెట్టు మీద ఆ శాతం కూడా అచ్చవుతున్నదో లేదో చూడండి.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు

గ్యాసా, ఆయిలా అన్న చర్చకు ముందు ఒక ప్రశ్న వేస్తాను. జనవరిలో పై అంతస్తుల కిటికీలు తెరిచి ఉంటున్నాయా? ఒకే పైపుతో నడిచే పాత స్టీమ్ సిస్టమ్‌లలో బాయిలర్‌కు దగ్గరగా ఉన్న రేడియేటర్లలో ఆవిరి ముందు నిండుతుంది, దూరంగా ఉన్న వాటికి ఆలస్యంగా చేరుతుంది. దూరపు ఫ్లాటు 68కి వచ్చేదాకా బాయిలర్‌ను నడిపితే దగ్గరి ఫ్లాటు 80 దాటుతుంది, వాళ్లు కిటికీ తెరుస్తారు, మీరు కొన్న నూనె వీధిలోకి పోతుంది. ప్రధాన స్టీమ్ పైపుల చివర గాలి బయటికి పోయే వాల్వులు పనిచేస్తున్నాయో లేదో చూపించండి. అవి తుప్పుపట్టి మూసుకుపోతే ఆవిరి ముందుకు పోదు. వాటి ఖర్చు బర్నర్ మార్పుతో పోలిస్తే చాలా స్వల్పం. ఆ తర్వాత అతిగా వేడెక్కే ఫ్లాట్లలో రేడియేటర్ల దగ్గర థర్మోస్టాట్ వాల్వులు, లోపలి సెన్సార్ల సగటు చూసి బాయిలర్‌ను నడిపే కంట్రోలు. గన్నవరం మిత్రులు చెప్పిన సెన్సార్లు ఆ కంట్రోలుకు కూడా పనికొస్తాయి, రెండుసార్లు కొనకండి.

ఏ ఇంధనానికి మారినా ముందు ఇది చేయాలి. గాలన్లు తగ్గితే సీఏ గారి టన్నులు వాటంతట అవే తగ్గుతాయి. ఇప్పటికి మాత్రం కొత్త ఆయిల్ బాయిలర్ కొనకండి, అది పాతికేళ్లు నడిచే వస్తువు. ఉన్న బాయిలర్‌కు నంబర్ 2 బర్నర్ బిగించి నడుపుకోండి.

బ్రాడీపేట గుమాస్తా (గుంటూరు)

అక్క అద్దె ఒప్పందాలన్నీ పంపింది. 36 ఫ్లాట్లలో 22 నియంత్రణ కింద ఉన్నాయి, అంటే 61 శాతం. కాబట్టి సీఏ గారి అంకెలను భాగస్వాముల ముందు పెట్టడం లేదు. గ్యాస్ మాట ప్రస్తుతానికి ఆపేశారు. కిటికీల సంగతి సూపర్‌ను అడిగితే అయిదో అంతస్తులో బాయిలర్ వైపున్న నాలుగు ఫ్లాట్ల కిటికీలు చలికాలమంతా తెరిచే ఉంటాయని చెప్పాడు, ఇదేదో కొత్త విషయం అన్నట్టు అడుగుతారేమిటని నవ్వాడు కూడా.

హీటింగ్ సీజను మే 31తో ముగుస్తుంది కనుక జూన్‌లో ట్యాంకు శుభ్రం చేయించి, పైపులు పరీక్ష చేయించి, జూలైలో నంబర్ 2 బర్నర్ పని పెట్టుకుందామని బావగారు అంటున్నారు. వేడినీళ్లు ఆ పని జరిగే రోజుల్లో ఎలా అన్నది ఇంకా తేలలేదు.

గన్నవరం నైట్‌షిఫ్ట్

పని జరిగినన్ని రోజులు ట్రైలరు మీద వచ్చే తాత్కాలిక బాయిలర్ అద్దెకు దొరుకుతుంది, లేదంటే వేడినీళ్లకు మాత్రం విడిగా చిన్న హీటరు పెట్టించుకోవచ్చు. దాన్ని ముందే మాట్లాడి కాంట్రాక్టరు కొటేషన్‌లో రాయించండి. పని మొదలయ్యేరోజు, ముగిసేరోజు రాసిన నోటీసు లిఫ్టు దగ్గరా మెయిన్ డోర్ దగ్గరా అంటించి ఫొటో తీసి ఉంచుకోండి. నోటీసు ఉన్నంత మాత్రాన వేడినీళ్లు ఆపే హక్కు రాదు, 120 డిగ్రీల నియమం జూలైలోనూ నడుస్తుంది. ట్యాంకు శుభ్రం చేసిన కంపెనీ ఎంత మడ్డి తీసిందో, దాన్ని ఎక్కడికి తరలించిందో తెలిపే కాగితం ఇస్తేనే బిల్లు చెల్లించండి.